కలుపు తీసెయ్

జల్లెడ అన్న పేరు ఆమెకి పెట్టింది బావే. బావ అంటే అక్క మొగుడు. దుప్పట్లు, తలగడ గలీబులు, కర్టెన్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఆ షాపు పెదనాన్నది, కంప్యూటర్ ప్రోగ్రాముల పని బావది, కస్టమర్ల పేర్లూ అడ్రసులూ చూసేదీ ఫోన్లెత్తేదీ జల్లెడ. ఒక ఇంటి నంబరు తేడాగా ఉన్నా, ఒక పేరులో ఒత్తు తప్పినా ఆమె కంట పడక మానదు. ఇంటివాళ్ళే పనివాళ్ళయితే సెలవడిగే నాథుడుండడని పెదనాన్న ఎత్తుగడ. అది పారింది కూడా.

నిజానికి ఆ పేర్లూ అడ్రసులూ షాపులో ఉండవు. ఎక్కడో వేరే కంపెనీవాళ్ళ యంత్రాల్లో ఉంటాయి. వాటిని చూడాలన్నా మార్చాలన్నా ఏపీఐ అనే దారిలో అడగాలి. బ్యాంకు కిటికీలోంచి చీటీ లోపలికి తోసినట్టే అనుకోండి. చీటీలో ఏం రాస్తే లోపల అదే జరుగుతుంది. ఎందుకని అడిగేవాళ్ళు లేరు, అయ్యో పాపం అనేవాళ్ళూ లేరు.

ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే అలాంటి జంట రికార్డుల్ని బావ 'కలుపు' అంటాడు. ఆయన పుట్టి పెరిగింది సేద్యం చేసే ఇంట్లో. విత్తకుండానే మొలుస్తాయి కాబట్టి ఆ పేరట. అప్పుడప్పుడూ కూర్చుని కలుపు తీస్తాడు, అంటే కొత్త రికార్డుని పాతదాంట్లోకి కలిపేసి ఒక్కటే మిగులుస్తాడు. జల్లెడ చూసే తెరమీదేమో ప్రతి పేరు పక్కనా 'కలుపు' అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు ఉంటే ఆ రికార్డుని ఇంకోదాంతో కలపొచ్చు, టిక్కు తీసేస్తే కలపకూడదు. ఆ టిక్కు మార్చే వీలు మాత్రం బావకే ఉంది. ఇద్దరూ ఇన్నేళ్ళుగా ఒకే మాటని చెరో అర్థంతో వాడుకుంటూ హాయిగా ఉన్నారు.

కిందటి వారం ఒకావిడ ఫోన్ చేసింది. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది. తన పేరు మీద రెండు ఖాతాలున్నాయనీ, పాతది మొగుడి ఈమెయిల్‌తో తెరిచిందనీ, ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటూ కొత్తది తెరుచుకున్నాననీ చెప్పింది. ఆ రెండూ ఎప్పటికీ కలవకూడదంది. ఎందుకని జల్లెడ అడగలేదు. ఆవిడే చెప్పింది.

"నేనెక్కడున్నానో ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వడమ్మా."

జల్లెడ మాటిచ్చింది. ఫోన్ పెట్టేసి, వెళ్ళిపోతున్న బావని ఆపి ఆ రెండు రికార్డుల నంబర్లూ చెప్పి, "వీటికి కలుపు తీసెయ్ బావా, మర్చిపోవద్దు," అంది. బావ మర్చిపోలేదు. మర్చిపోయినా బాగుండేది.

ఈ రోజు భోజనాల వేళకి కాస్త ముందు ఆవిడే మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వణుకుతోంది. కొత్త ఖాతా తెరిచి చూస్తే అందులో ఎప్పుడో పాత ఇంటికి కొన్న దుప్పట్లు కనిపిస్తున్నాయట. జల్లెడ రికార్డు తెరిచింది. రెండూ ఒకటైపోయాయి. పైన మొగుడి ఈమెయిల్, కింద ఈవిడ కొత్త అడ్రస్. చూస్తానండీ, మళ్ళీ నేనే చేస్తాను అని పెట్టేసి బావ బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"కలుపు తీసెయ్ అన్నది నువ్వే కదా. పొద్దున్నే తీసేశాను," అన్నాడు బావ, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

"తీసెయ్యమన్నది టిక్కుని బావా! కలపొద్దని చెప్పాను నీకు!"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత ఆయన చెప్పింది విన్నాక ఆమె మొహంలోనూ లేదు. రికార్డులు కలిస్తే ఆ కంపెనీ యంత్రం తనంతట తనే ఒక ఉత్తరం తయారు చేస్తుంది. మీ అడ్రస్ ఇలా మారింది, సరిచూసుకోండి అని కొత్త అడ్రస్ మొత్తం రాసి పాత ఈమెయిల్‌కి పంపుతుంది. ఒక్కొక్కటీ అప్పటికప్పుడు పంపదు, అన్నీ పోగేసి భోజనాల వేళకి ఒక్కసారే వదులుతుంది. ఇంకా వదల్లేదు. కానీ గడియారం ఎవరి కోసం ఆగుతుంది?

ఉత్తరాన్ని ఆపడం వాళ్ళ చేతిలో లేదు. బావ ఆ కంపెనీకి ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని మధ్యమధ్యలో ఓదార్చారు. పెదనాన్న వచ్చి సంగతి విని, మొగుడూపెళ్ళాల గొడవలో మనమెందుకు తలదూర్చాలన్నాడు. తలదూర్చింది మనమే పెదనాన్నా అని జల్లెడ తలెత్తకుండానే అంది. 

జల్లెడ రికార్డునే తీసెయ్యమని ఆ యంత్రాన్ని అడిగింది. ఆర్డరు దారిలో ఉంది, కుదరదని జవాబొచ్చింది. ఈమెయిల్ మారుద్దామంటే, మారిస్తే పాత ఈమెయిల్‌కి ఇంకో ఉత్తరం పోతుందని బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. పైగా విడదీసే దారి అసలు లేదట. కలపడానికి ఒక్క నొక్కు చాలు, విడదీయాలంటే మాత్రం ఆ కంపెనీవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి.

"ఉత్తరంలో అడ్రస్ ఎప్పుడు పడుతుంది బావా? ముందే రాసి పెడుతుందా?"

వదిలేటప్పుడే రికార్డులోంచి తీసుకుంటుందని బావ అన్నాడు. అయితే రికార్డులో అడ్రస్ మార్చేస్తే చాలు. జల్లెడ అడ్రస్ చెరిపేసి ఖాళీగా పంపింది. ఖాళీ కుదరదని తిప్పికొట్టింది. నోటికొచ్చిన వీధి పేరు రాసింది. అలాంటి వీధి లేదంది.  అరచేతులు ఒళ్ళో తుడుచుకుని మళ్ళీ కొట్టింది. ఈసారి ఏం కొట్టిందో ఆమెకే తెలియదు, వేళ్ళకి తెలుసు. సరే అని జవాబొచ్చింది. తెర మీద ఉత్తరం పక్కన 'వెళ్ళింది' అన్న మాట వెలిగింది.

బావ కుర్చీలో కూలబడి గట్టెక్కామన్నాడు. జల్లెడ వెళ్ళిన ఉత్తరం నకలు తెరిచి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. కొత్తగా ఏ మార్పు చేసినా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆమె ఎప్పుడూ కొట్టేది ఒకటే అడ్రస్. తన ఇంటిదే. ఇప్పుడూ అదే కొట్టింది. షాపు అడ్రస్ పెట్టి ఉండొచ్చు కదా అని తర్వాత అందరూ అన్నారు. అంటారు మరి, ఒడ్డున కూర్చున్నవాళ్ళకి ఈత బాగా వచ్చు.

ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. అమ్మ ఫోన్ ఎప్పుడూ అమ్మ లేని గదిలోనే ఉంటుంది. రెండోసారి చేసింది, మూడోసారి చేసింది. బావ అప్పటికే బండి తీశాడు. షాపు ఊరికి ఒక కొస, ఇల్లు ఇంకో కొస, ఆ మొగుడుండే పాత ఇల్లేమో ఆ కొసకే దగ్గర. దారిలో ప్రతి ఎర్రదీపమూ వాళ్ళ కోసమే వెలిగినట్టుంది. తెలియని మనిషి వస్తే తలుపు తియ్యకమ్మా అని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే అని జల్లెడ తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

తలుపు బార్లా తెరిచి ఉంది. ముందుగదిలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మొహం. చేతిలో అమ్మ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు. ఎదురుగా అమ్మ కళ్ళొత్తుకుంటోంది. భార్య కనిపించడం లేదట పాపం, ఈ ఇంటి అడ్రస్ ఎవరో పంపారట, ఎంత బాధపడుతున్నాడో చూడవే అంది. ఆయన లేచి నిలబడి మర్యాదగా నమస్కారం పెట్టాడు. జల్లెడకి ఇంతకన్నా అరుస్తూ వచ్చినవాడే నయమనిపించింది.

షాపువాళ్ళం మేమేననీ, అడ్రసులు తారుమారయ్యాయనీ, తప్పు మాదేననీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. గ్లాసు బల్లమీద పెట్టాడు.

"అయితే అసలు అడ్రస్ మీకు తెలుసన్నమాట."

తెలియదని అనబోయింది. కానీ తెలియదంటే ఆయన నమ్మడు, అడుగుతూనే ఉంటాడు. ఆవిడ ఇల్లు, వీధి, మేడమీద ఎన్నో గదో కూడా ఆమె తలలో అచ్చు గుద్దినట్టుంది. పాడు జ్ఞాపకం, ఒక్క అక్షరమైనా జారదు.

"తెలుసు. చెప్పను."

ఆయన నవ్వాడు. చెప్పేదాకా కూర్చుంటానన్నాడు. ఆ మాట అన్న గొంతు ఇందాకటిది కాదు. అమ్మ ఆ తేడా విన్నది. కళ్ళు తుడుచుకోవడం ఆపేసి ఆయన వైపు తేరిపార చూసింది. తర్వాత బల్లమీది గ్లాసు తీసేసింది.

"ఇంక లే నాయనా," అంది.

గుమ్మంలో బావ నిలబడ్డాడు. బావేం వస్తాదు కాదు, కానీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ మనిషి ఎంత బక్కవాడైనా మనిషే. వచ్చినాయన తొందరపడలేదు. కిటికీలు చూశాడు, తలుపు చూశాడు, గడియ మీద వేలు పెట్టి కదిపి చూశాడు.

"ఇల్లు బాగుంది. దారి కూడా తెలిసింది కదా, మళ్ళీ వస్తాను," అని బావ పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయాడు.

బావ తలుపు మూసి గడియ వేశాడు.  ఒక్క పూటకే ఇలా ఉంటే ఆవిడ ఏళ్ళ తరబడి ఈ మనిషితో ఎలా బతికిందో అనుకుంటే జల్లెడకి ఏడుపొచ్చింది. ఏడవకుండా ఆవిడకి ఫోన్ చేసింది. ఒక్క మోతకే ఎత్తింది. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నట్టుంది.

మీ అడ్రస్ వెళ్ళలేదండీ, ఆయన దగ్గర లేదు, ఇకముందు కూడా చేరకుండా చూస్తాను అని జల్లెడ గబగబా చెప్పింది. అవతల నిట్టూర్పు వినిపిస్తుందనుకుంది. వినిపించలేదు.

"మరి ఎవరిది వెళ్ళిందమ్మా?"

 మాదేనండీ అంది జల్లెడ.

"వచ్చాడా?"

వచ్చి వెళ్ళాడంది.  ఆ మాటతో ఆవిడ గొంతులో వణుకు పోయింది. రోజూ చేసే పని ఇంకొకరికి నేర్పుతున్నట్టుగా మాట్లాడింది.

"తలుపుకి ఇంకో గడియ పెట్టించండి, ఇవాళే. పైన కాదు, కింద పెట్టించండి. కాలితో తన్నేది అక్కడే."

జల్లెడ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని బావకి ఆ మాట చెప్పింది. బావ వడ్రంగిని పిలుచుకురావడానికి వెళ్ళాడు.