ఇంటి బట్టల మాట

వాక్కునకు వందనం. వాక్కును మోసుకొచ్చే గాలికి వందనం. ఎంత విన్నా నిండని చిన్న గుహ వంటి చెవికి వేయి వందనాలు. ఒక ఇస్త్రీ కొట్టు ఇల్లాలిదీ, పలకడం మానిన ఆమె కూతురిదీ ఈ కథ.

వీధి మలుపులో ఉండేది ఆ కొట్టు. ముందుగదిలో బల్ల, దాని మీద మడతపెట్టిన దుప్పటి, పక్కన నీళ్ళ చెంబు. తెల్లవారగానే ఇల్లాలు ఇస్త్రీపెట్టె వేడెక్కించేది. అత్తగారు పీట మీద కూర్చుని బట్టలపై నీళ్ళు చిలకరించేవారు. వేడి తగలగానే బట్టలు మాట్లాడేవి. తొడిగినవారి మనసులో మెదిలినదే సన్నని ఆవిరిగొంతుతో చెప్పేవి. బ్యాంకు గుమాస్తా చొక్కా "రేపు కూడా ఆయన ముందు నవ్వాలి కాబోలు" అని నిట్టూర్చేది. సంగీతం టీచరు చీరది పొద్దస్తమానం కూనిరాగమే. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. "అక్కా, కాలరు దగ్గర తొందరగా కానిచ్చెయ్యి, అది వట్టి వదరుబోతు" అని చెప్పి మరీ ఇచ్చిపోయేవారు. తమ బరువు ఒకరు విన్నారన్న తృప్తితో మడతలు గుండెకు హత్తుకుని తీసుకుపోయేవారు.

విన్నది గడప దాటరాదని ఆ వృత్తిలో ఒక కట్టుబాటు. ఇంటివారి బట్టలు ఇస్త్రీ చేయరాదని మరొకటి. "సొంతవాళ్ళ మాట వింటే చెయ్యాడదే అమ్మాయ్" అని అత్తగారే కోడలికి నేర్పారు. అందుచేత వీధినంతటినీ ముడతలేకుండా నడిపించే ఆ ఇంటివారు మాత్రం నలిగిన బట్టలతోనే తిరిగేవారు.

కూతురు పదో తరగతి. చిన్ననాడు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడేదని వసపిట్ట అన్నారు. ఆ ముద్దుపేరు మిగిలింది గాని, ఏడాదిగా ఆ పిట్ట నోరు విప్పలేదు. కంచం ముందు ఫోను, పుస్తకం మీద ఫోను, నిద్రలో పిడికిట ఫోను. మార్కులు జారిపోయాయి. లాక్కుంటే గదిలోకి పోయి గడియ పెట్టుకునేది. తిట్టారు, బుజ్జగించారు, దాచారు. చివరకు బస్సు డ్రైవరైన తండ్రి, ఫోను ముట్టనివ్వని దూరపు హాస్టలులో చేర్చడానికి నిశ్చయించాడు. మర్నాడే ప్రయాణం. ప్రతి జతా ఇస్త్రీ చేసి తేవాలని అక్కడి నియమం.

"పక్కవీధిలో చేయించుకు రానా అత్తయ్యా?"

"ఇస్త్రీ కొట్టు పెట్టుకుని ఇంకో కొట్టుకు పోతావా? నలుగురూ నవ్విపోతారు. చెవుల్లో దూది పెట్టుకుని కానియ్."

ఇల్లాలు దూది పెట్టుకుంది. కన్నపేగుకు దూది అడ్డమా!

బడిలంగా మొదట పలికింది. "నేను చూడని క్షణంలోనే వాళ్ళు నా గురించి ఏదో అనుకుంటారు. చూస్తూనే ఉండాలి." నీలం కుర్తా గొణిగింది. "ఫోటోల్లో అందరూ బాగుంటారు. నేనొక్కదాన్నే ఇలా." చున్నీ ఏడ్చింది. "జట్టులోంచి తోసేశారు. ఫోను చూస్తున్నంతసేపూ అది గుర్తు రాదు." ఆఖరున ఇంట్లో తొడిగే పాత గౌను మెల్లగా అంది. "మా అమ్మ వీధిలో అందరి మాటా వింటుంది. నాదే వినదు."

పెట్టె కదల్లేదు. కమురువాసన లేచింది. ఆ ఇల్లాలి చేతిలో బట్ట కాలడం అదే మొదలు.

"అమ్మా! కాలిపోతోంది!" లోపలిగదిలోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. తల్లి కళ్ళు చూసి ఆగిపోయింది. "ఏం చెప్పిందది?"

"చెప్పకూడదు." తల్లి దండెం మీది తన చీర తీసి బల్ల మీద పరిచింది. "ఇది నువ్వు చెయ్యి."

"నాకు రాదు."

"కదుపుతూ ఉండు, అంతే. ఆపావంటే ఆ గౌను గతే దీనికీ."

ఒక చెయ్యి పెట్టె మీద, ఒక చెయ్యి అంచు మీద. పిల్ల బల్ల చివర పెట్టిన ఫోను మూలిగింది. చూపు తిప్పితే చీర కాలుతుంది. అంతలో చీర పలికింది. "బిడ్డ ఎదుట నిలబడితే తిట్లు తప్ప మాట రాదు నాకు. దీని వాగుడు లేక ఇల్లు పాడుపడ్డట్టుంది. పంపేశాక ఎలా బతకను?"

"అమ్మా, నీకూ భయమేనా?"

"లేకపోతే? నేనేమన్నా ఇస్త్రీపెట్టెనా?"

వసపిట్ట ఏడ్చింది, ఆపైన మాట్లాడింది. జట్టు సంగతి, ఎగతాళి సంగతి, ఫోను పక్కన పెడితే గుండె దడదడలాడే సంగతి. అంతా విని నాయనమ్మ కొంగు బిగించారు. "ఆ పిల్లల బట్టలు ఇటు రానీ. మెడలు తిరగకుండా కాలర్లకు గంజి దట్టిస్తాను." పిల్ల పకపకా నవ్వింది.

సాయంకాలం తండ్రి వచ్చి, "పెట్టె సర్దారా?" అన్నాడు.

"ముందు ఆ ఖాకీ చొక్కా విప్పరా" అన్నారు నాయనమ్మ.

కూతురే ఇస్త్రీ చేసింది. అందరూ వింటూండగా చొక్కా అంది. "పంపకుండా ఉండే దారి ఎవరైనా చెబితే వాళ్ళకు దణ్ణం పెడతాను."

అతడు తల దించుకున్నాడు. తరువాత నవ్వుతూ తన తల్లికి, భార్యకు, చివరకు కూతురికీ చేతులు జోడించాడు. ప్రయాణం ఆగింది.

ఫోను ఇంట్లోనే ఉంది. కొన్ని దినాలు మళ్ళీ లాగేది. అట్టి దినాన పిల్ల తానే చున్నీ తెచ్చి బల్ల మీద వేసి, "వినమ్మా" అనేది. కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె బడిచొక్కా, వేడి తగిలీ తగలకముందే, ఒక్కటే మాట అంది: "మా అమ్మ వింది."

ఈ కథ విన్నవారి ఇళ్ళలో మూగవోయిన నోళ్ళు పలుకుగాక. పలికిన ప్రతి నోటికీ ఒక చెవి లభించుగాక. విన్న చెవులకు విసుగు రాకుండుగాక. పిల్లలందరూ చల్లగా ఉందురుగాక.