ఏడో నంబర్ గది ముందు పాదుకలు

నాంపల్లి స్టేషన్ దిక్కు నుంచి పిల్లలు గుంపులుగా వచ్చే వేళకు సదాబోధ ప్రాచ్య కళాశాలలో అటెండర్ పోచయ్య చాయ్ గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టేసి ఉంటాడు. సెక్రటరీ శ్యామ్‌సుందర్ కారు గేటుకు అడ్డంగా ఆగి ఉంటుంది. పై అంతస్తు కమిటీ గదిలోంచి స్వామివారి పాదుకలు వాటంతటవే మెట్లు దిగి, టక్కు టక్కుమంటూ వరండాలన్నీ ఒక చుట్టు తిరుగుతుంటాయి. కొత్తగా చేరిన పిల్లలు దండం పెడతారు. పాతవాళ్లు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే కాలు వెనక్కి తీసుకుని దారి ఇస్తారు.

కాలేజీ పెట్టిన సదాబోధ స్వామి పోయి చాలా ఏళ్లయింది. తన తర్వాత అధ్యక్షుడు ఎవరో చెప్పకుండానే పోయాడు. అప్పటి నుంచి ఆ కట్టె పాదుకలే అధ్యక్షులు. కమిటీ గదిలో పెద్ద కుర్చీ, కుర్చీలో ఎర్ర మఖ్మల్ దిండు, దిండు మీద అవి. వాటిని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. ఏ తీర్మానమైనా వాటి ముందర చదవాల్సిందే. చదివాక శ్యామ్‌సుందర్ కాసేపు కళ్లు మూసుకుని, "అధ్యక్షులవారు ఒప్పుకున్నారు, రాసుకోండి" అంటాడు. పాపం, కట్టెకు నోరెక్కడిది కాదనడానికి! అలాగే ఆయన మేనల్లుడు లైబ్రేరియన్ అయ్యాడు. అలాగే క్యాంటీన్ ఆయన బామ్మర్ది చేతికి పోయింది. అన్నిటికీ స్వామివారి అంగీకారమే.

ఈసారి వంతు వనితది.

వనిత ఏడో నంబర్ గదిలో తెలుగు చెబుతుంది. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని చదువుకున్న మనిషి. క్లాసులోకి పోయేముందు గుమ్మం బయట చెప్పులు విడుస్తుంది. పిల్లలను మాత్రం ఎన్నడూ విడవమనలేదు.

ఆమె చేసిన తప్పేమిటంటే, శ్యామ్‌సుందర్ షష్టిపూర్తి నాడు పిల్లలను గేటు దగ్గర పూలతో నిలబెట్టాలని కబురొస్తే, "పరీక్షలు దగ్గరికొచ్చినయి. నా క్లాసు అయినంక తీస్కపొండ్రి" అంది. అంతే! 'సంస్థ ధార్మిక స్ఫూర్తికి భంగం' అని కాగితం టైపయింది. దాన్ని ఇవాళ కమిటీలో చదివితే ఉద్యోగం ఊడినట్టే. ఆ కుర్చీ తీర్మానాల మీద కోర్టుకు పోయినవాళ్లు లేకపోలేదు. చెప్పులరిగేలా తిరిగి ఊరుకున్నారు. వనితకు అంత ఓపిక లేదు. ఇంట్లో తల్లి కిష్టవ్వ మోకాళ్ల నొప్పులతో మంచం దిగదు, ఉండేది కిరాయి ఇల్లు, ఈ వయసులో ఇంకో కాలేజీ తీసుకోదు. నిజం చెప్పాలంటే ఆమెకు చచ్చేంత భయంగా ఉంది. క్షమించమని అడగడానికి మాటలు కూడా కూర్చుకుని వచ్చింది.

కమిటీ పిలిచేదాకా వరండా బెంచీ మీద కూర్చోమన్నారు. ఎదురుగా ఏడో నంబర్ గదిలో పిల్లలు చెప్పేవాళ్లు లేక గోలగోల చేస్తున్నారు. వనిత కాసేపు ఓర్చుకుంది. తర్వాత లేచింది.

"మేడం, క్లాసుకు పోవద్దన్నరు గదా" అన్నాడు పోచయ్య.

"పిలిస్తే వస్త పోచయ్యా. గంతవరకు పాఠమన్నా అయితది."

గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి పోయింది. అవి సుల్తాన్ బజార్‌లో కొన్నవి, ఒకదాని పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.

పైన కమిటీ కూర్చుంది. కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. పొద్దున చుట్టుకు పోయిన పాదుకలు ఇంకా తిరిగి రాలేదు. చూసి రమ్మని పంపితే పోచయ్య పోయి వచ్చాడు.

"ఏడో నంబర్ గది బయట ఉన్నయి సార్. వనిత మేడం చెప్పుల పక్కన విడిచినట్టున్నయి."

"విడిచినట్టుండుడేంది?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"గుమ్మం బయట పాదుకలుంటే మనిషి లోపలున్నట్టే గదా" అన్నాడు మహీధర్. ఆయన గన్‌ఫౌండ్రీ బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, కమిటీలో అందరికన్నా పాతవాడు. "స్వామి పాఠం ఇంటున్నడు. రానియ్యి."

లోపల చివరి బెంచీలో స్నేహ అనే పిల్ల అప్పటికే బ్యాగు ఒళ్లో పెట్టుకుని పక్కన స్వామివారికి చోటిచ్చింది. కమిటీ మళ్లీ చాయ్ తాగింది.

గంట కొట్టాక వనిత బయటికొచ్చింది. పాదుకలున్నాయి, తన చెప్పులు లేవు. అటూ ఇటూ చూసింది. పిలుపు రావడంతో ఉట్టి కాళ్లతోనే మెట్లెక్కింది.

కమిటీ గదిలో అందరి చూపూ కుర్చీ మీదే ఉంది. ఎర్ర మఖ్మల్ దిండు మీద, పిన్నీసుతో సహా, ఆమె చెప్పులున్నాయి.

"చెప్పులు కుర్చీ మీదనా! తీసెయ్ పోచయ్యా!" అని అరిచాడు శ్యామ్‌సుందర్.

పోచయ్య కదల్లేదు.

"ఇన్నేండ్ల సంది మనం మొక్కింది చెప్పులకే గదా శ్యామ్‌సుందర్" అన్నాడు మహీధర్. "అవి కట్టెవి, ఇవి తోలువి. అధ్యక్షులవారు వచ్చి కూసున్నరు. చదువు."

శ్యామ్‌సుందర్ పళ్లు కొరుకుతూ కాగితం చదివాడు. అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని తెరిచాడు. "అధ్యక్షులవారు..."

"జర ఆగు" అన్నాడు మహీధర్. "ఇన్నేండ్లు అడుగుదామంటే మనిషి లేకుండె. గీ చెప్పుల మనిషి ఎదురుంగనే ఉంది." వనిత వైపు తిరిగాడు. "ఏమంటవమ్మా?"

వనితకు కూర్చుకుని వచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. దిండు మీది పిన్నీసు కేసి చూసింది.

"ఒప్పుకోను సార్" అంది.

మహీధర్ తీర్మానాల పుస్తకం తన దగ్గరికి లాక్కుని తన చేత్తోనే రాశాడు. అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. అటువంటి వాక్యం ఆ కాలేజీలో అదే మొదటిసారి.

సాయంత్రం వనిత ఇంటికి బయలుదేరే వేళకు కూడా చెప్పులు కుర్చీ దిగలేదు. ఏడో నంబర్ గది ముందు పాదుకలూ కదల్లేదు. ఆమె ఉట్టి కాళ్లతోనే అబిడ్స్ పోస్టాఫీసు ముందు నుంచి, ఆటోల మధ్య నుంచి, ఇంకా కాలుతున్న రోడ్డు మీద సుల్తాన్ బజార్ దాకా నడిచింది. ఎప్పుడూ కొనే దుకాణంలో ఒక జత తీయమంది.

"పాతవి తెగినయా అక్కా?" అన్నాడు దుకాణం అతను.

"లేదన్నా" అంది వనిత, కొత్తవాటిలో కాలు పెడుతూ. "డ్యూటీల ఉన్నయి."