పక్క సీటు కింద మ్యాట్

పాత కారు అమ్మేవాడి మాట నేను చచ్చినా నమ్మను. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి స్టీరింగ్ నేనే పట్టుకున్నాను. కారు ఓనరు నా పక్కన కూర్చున్నాడు, మా ఆవిడ వెనక కూర్చుంది.

"బ్రేకులు కొత్తవాటిలా పనిచేస్తాయండీ," అన్నాడు ఓనరు. అంతలోనే ముందున్న బస్సు ఆగింది. నేనింకా బ్రేకు మీద కాలు పెట్టనే లేదు, అతని కుడికాలు నేలని గట్టిగా తొక్కేసింది. నేను బ్రేకు తొక్కగానే కారు ఆగింది, కాదనను. కానీ తర్వాతి మలుపులోనూ అదే తంతు. నాకు ఒళ్లు మండిపోయింది. కారు పక్కకి ఆపి, వంగి చూశాను. అతని కాళ్ల కింద మ్యాట్‌కి ఇంత చిల్లు!

"నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నారా? బ్రేకులు అంత బాగుంటే ఈ మ్యాట్ ఎందుకు చిరిగిందండీ?" అని అరిచాను.

అతను తలదించుకున్నాడు. "అక్కడ మా ఆవిడ కూర్చుంటుందండీ. నేను నడుపుతాను."

నేను మీసం మెలేసి వెనక్కి తిరిగాను. "చూశావా, ఎలా పట్టేశానో!"

మా ఆవిడ నిట్టూర్చింది. "బ్రేకులకేం కాలేదు, కారు తీసుకోండి. మన కారులో నా కాళ్ల కింద ఎప్పుడైనా చూశారా? అక్కడా ఇంతే చిల్లుంది."