ఆరో నంబరు మిషను

పోనీ ఫోను తీగలోనే ఉందేమో దోషం, ఇంటర్నెట్టు వచ్చేది ఆ తీగలోంచే కదా, ఆ దారినే ఏ పురుగో లోపలికొచ్చి కూర్చుందేమో అనుకున్నాడు రిచర్డ్, టేబులు కింద మోకాళ్ళమీద వంగి, అనుకున్న మరుక్షణమే ఆ మాట నిన్న కూడా అనుకున్నాననీ, నిన్ననే పాత తీగ పీకి కొత్త తీగ వేశాననీ గుర్తొచ్చింది, మొన్న మోడెం మార్చాడు, అటు మొన్న మెమరీ ముక్క బయటికి తీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు, ఫార్మాట్ అయితే నాలుగుసార్లు కొట్టాడు, ఈ ఊళ్ళో ఏ కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా ముందు కొట్టేది ఫార్మాటే, తల నొచ్చినా కాలు నొచ్చినా దవాఖానలో అదే తెల్లగోలీ ఇచ్చినట్టు, లోపల ఉన్నదంతా తుడిచేసి మొదటినుంచి నింపడం, నింపిన ప్రతిసారీ ఈ ఆరో నంబరు మిషను ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిలా అరగంట బుద్ధిగా ఉంటుంది, ఆ తర్వాత ఎవరో ఒకరు ఇంటర్నెట్టు తెరుస్తారు, బొమ్మల పేజీలు రెండు మూడు వస్తాయి, అంతే, టక్కున నీలం తెర, దానిమీద ఏ దేవుడికీ అర్థంకాని తెల్లక్షరాలు, వింత ఏమిటంటే పొద్దున్నే ఈ సెంటరు యజమాని గోపాలరావు దీనిమీదే గంటసేపు అర్జీలు టైపు చేసుకుంటే కిమ్మనదు, ఇంటర్నెట్టు తెరిస్తేనే చస్తుంది, అంటే పురుగు తీగలోంచే, మళ్ళీ తీగ దగ్గరికే వచ్చానా, అని విసుక్కుని టేబులు కిందనుంచి బయటికి వచ్చేసరికి లహరి అనే ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఏదో చెబుతోంది, అంకుల్ అన్నది అందింది, అయిదింటికి అన్నది అందింది, ఉద్యోగం ఫారం కదా, అయిదుతో గడువు సరి, మూడుసార్లు నింపితే మూడుసార్లూ నీలం తెర పడింది, మిగతా అయిదు మిషన్ల ముందూ ఎంసెట్ మార్కులు చూసుకునే జనం బియ్యం లారీ దగ్గర జనంలా ఉన్నారు, ఇంకేం అంటుంది, తలూపాడు, అయిపోతది బిడ్డా, అర్ధగంట, చాయ్ తాగి రా, అన్నాడు, ఆ అమ్మాయి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, తను అడిగిందానికి ఇది జవాబు కానట్టు, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అయిదింటికి ఫారం పోకపోతే ఆ పిల్లకి ఒక ఉద్యోగం పోతుంది, తనకి కూడా ఒకటి పోతుంది, ఆ సంగతి పొద్దునే గోపాలరావు ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటా గోడకి మేకు కొట్టినట్టు చెప్పాడు, చూడు రిచర్డూ, నువ్వు పాతవాడివి, నీమీద నాకు గౌరవం ఉంది, కానీ ఇవాళ కూడా ఆరో నంబరు పడిపోయిందంటే రేపట్నుంచి ఆ టై కట్టుకున్న కంపెనీ కుర్రాళ్ళనే పిలుస్తాను, నన్నేం చెయ్యమంటావు చెప్పు, గోపాలరావు తండ్రి కాలంలో గుంటూరునుంచి వచ్చారు, నాంపల్లి స్టేషను ఎదురు సందులో మేడమీద ఈ నెట్ సెంటరు, ఇది పోతే రిచర్డును పిలిచే చోటు ఇంకొకటి లేదు, అబిడ్స్‌లో రెండు ఆఫీసులుండేవి, అవి నిరుడే మానేశాయి, అదే అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు ఎదురు మేడ మెట్లకింద ఇరవై ఏళ్ళు టైపు మిషన్లు బాగుచేసినవాడు తను, రిచర్డ్ చెవి అంటే చెవే అనేవాళ్ళు, మూడో అంతస్తులో ఎవరో టైపు కొడుతుంటే కింద చాయ్ తాగుతూ, అరె, వాళ్ళ మిషన్ల ఎమ్ అక్షరం కాలు వంగింది, పోయి చెప్పుండ్రి అనేవాడు, పోయి చూస్తే వంగే ఉండేది, ఇంతవరకు నిజం, ఆపైన తనే కలిపాడో, చాయ్ హోటలు వాళ్ళు పాలూ చక్కెరా కలిపినట్టు కలిపారో, నాంపల్లి కోర్టు వరండాలో గుమాస్తా కొడుతున్న టైపు చప్పుడు గాలివాటున అబిడ్స్ దాకా వస్తే విని, మూడో పేజీలో ముద్దాయి తండ్రిపేరు తప్పుపడింది అన్నాడనీ, జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే నిజమేననీ, ఆ ముద్దాయి ఆ దెబ్బకి విడుదలై మిఠాయి డబ్బాతో వచ్చాడనీ, ఆ మిఠాయి రంగుతో సహా చెప్పేవాడు, మెదక్‌లో బంధువుల పెళ్ళిళ్ళలో ఆ కథ కోసం భోజనాలు ఆపుకుని కూర్చునేవాళ్ళు, ఇప్పుడెవరూ చెప్పమనడం లేదు, చెప్పమన్నా చెప్పే ఓపిక లేదు, ఓపిక ఏమైపోయిందో తెలియదు, ఏ రంధ్రంలోంచి కారిపోయిందో.

నిజంగా, ఇంత అలసట ఎందుకు, యాభై ఆరేళ్ళకి, రాళ్ళు మోస్తున్నాడా, బస్సులో కూర్చునే వస్తాడు, కూర్చునే పనిచేస్తాడు, సాయంత్రానికి మాత్రం పదిమంది కొట్టినట్టుంటుంది ఒళ్ళు, మనుషుల మధ్య ఉన్నరోజు మరీను, పోయిన నెల చుట్టాలింట్లో మూడుగంటలు కూర్చుని వచ్చి పొలం దున్నినవాడిలా పడుకున్నాడు, లోకం కూడా మారిపోయింది, జనం నోరు తెరిచి మాట్లాడటం మానేశారు, ఈకాలం పిల్లలు మాటను పళ్ళ వెనక దాచుకుని మాట్లాడతారు, ఇంట్లో రత్నమణి ఒకప్పుడు పాడినట్టు మాట్లాడే మనిషి, ఇప్పుడు గొణిగితే గొణుగుతుంది, లేకపోతే ఏందయ్యా, ఎన్నిసార్లు జెప్పాలె అని కేకలేస్తుంది, మధ్యరకం మాటే లేదు, చర్చిలో పాటల గుంపు నడిపే సామ్ సుందర్ మొదటి వరసలోంచి తీసి చివరి వరసలో నిలబెట్టాడు, కొత్తపిల్లలకు జాగా ఇద్దాం బ్రదర్ అని, ఇద్దాం, ఇవ్వకేం, వీధిలో ట్రాన్స్‌ఫార్మరు చూస్తే రాత్రీపగలూ ఊఁ అని ఒకటే మోత, కరెంటాఫీసుకు రెండు అర్జీలు పెట్టాడు, ఒక మనిషి వచ్చి స్తంభం కింద నిలబడి పైకి చూసి, తనవైపు చూసి, ఏమీ లేదు సార్ అని పోయాడు, అదీ లోకం, సరే, అయిదోసారి ఫార్మాట్ కొడదాం, దానికి ముందు ఒకసారి మూత తీసి దుమ్ము చూద్దాం, అని చెయ్యి వెనక్కి పోనిచ్చి ప్లగ్గు పీకాడు, అది అతని నియమం, నాలుగేళ్ళ కిందట నడుస్తున్న మిషను మూత తీస్తే స్క్రూ జారి బోర్డుమీద పడి దీపావళి అయింది, ఆరోజునుంచి కరెంటు పీకనిదే మూత తియ్యడు, మూత వెయ్యనిదే కరెంటు ఇవ్వడు, నడుస్తున్నప్పుడు లోపల ఎలా ఉందో కంటితో చూడాల్సిన పనేముంది, పెట్టెకి చెవి ఆనిస్తే చాలదా, మిషను వేసి ఉన్నంతసేపూ వెనకవైపు ఫ్యాను గాలి అరచేతికి తగులుతూనే ఉంది, లోపల ప్రాసెసరుమీద కూర్చున్న చిన్న ఫ్యానంటారా, దాని సన్నని మోత రోజూ వింటూనే ఉన్నాడు, వేలుపెట్టి తిప్పితే తిరుగుతూనే ఉంది, అది కాదు జబ్బు, జబ్బు ఇంకెక్కడో ఉంది.

సారూ, ఒక్కమాట జెప్తే ఏమనుకోరు గదా, అంది పోశవ్వ, ఆమె ఆ మేడంతా ఊడ్చే మనిషి, చీపురు పట్టుకుని సరిగ్గా అతని ముందుకొచ్చి నిలబడి, ఆమె గొంతు నాంపల్లి స్టేషనులో రైలును వెనక్కి పిలిచే గొంతు, ఒక్క ముక్క కూడా కింద పడదు, ఏంది పోశవ్వా, అన్నాడు, గీ డబ్బాను నువ్వు మంచిగ జేసినవ్ సారూ, మల్ల గా గోపాల్రావు సారు నీమీద ఎందుకు గట్ల లేస్తడు, ఏం మంచిగ జేసినమ్మా, నాలుగు రోజులసంది పాణం తీస్తాంది, గది గాదు సారూ, గీ డబ్బా ఇంతకుముందు గుర్రుగుర్రుమంటుండె, మా ముసలోడు గురకవెట్టినట్టె, పొద్దుగాల నేను ఊడ్సెటప్పుడు గీ ఒక్కదే నడుస్తుంటది గదా, గోపాల్రావు సారు టేపురికార్డుల భజనలు వెట్టుకుంటడు, ఆయనకేం దెలుస్తది, నాకు ఇనొస్తుండె, పోయినవారం సంది ఏం సప్పుడు లేదు, సల్లగ పన్నది, రిచర్డు సారు మంచిగ జేసిండనుకున్న, అంది, అతనికి నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, చీపురు పట్టేవాళ్ళు కూడా తనకు చప్పుళ్ళ గురించి చెప్పేరోజు, గుర్రుగుర్రా, ఈ పెట్టె ఎప్పుడూ గుర్రుమనలేదు, మొదటినుంచీ సన్నగా, తుమ్మెద దూరంగా తిరుగుతున్నట్టు ఊఁ అంటుంది, ఇప్పుడూ అంటోంది, కావలిస్తే విను, అని వంగి ఎడమ చెవి పెట్టెకి ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు, ఉంది, చక్కగా, తెగకుండా, ఊఁ, ఇగో పోశవ్వా, ఫ్యాన్ మంచిగ తిరుగుతాంది, సప్పుడు లేదంటవేంది, అన్నాడు, పోశవ్వ అతని చేతివైపు చూసి, ఎప్పుడూ లేనంత మెల్లగా, పెదాలు మాత్రం స్పష్టంగా కదిపి, కరెంటు గుంజేసిన్రు గదా సారూ, గా పిన్ను మీ సేతులనే ఉన్నది, అంది.

చేతిలో ఉంది, మూడు ఇత్తడి కాళ్ళ నల్ల ప్లగ్గు, చచ్చిన ఎలకలా తీగ వేలాడుతూ, పెట్టెమీద దీపం లేదు, తెర నల్లగా ఉంది, చెవిలో ఊఁ మాత్రం ఉంది, పెట్టెకి దూరం జరిగినా ఉంది, రెండు చెవులూ అరచేతులతో మూసుకుంటే ఇంకా బాగా ఉంది, అయితే ఈ రెండేళ్ళుగా తను విన్న ఫ్యాన్లు, ఏ మిషనుకు చెవి ఆనించినా నిక్షేపంగా తిరిగిన ఫ్యాన్లన్నీ ఇదేనా, ఆ ట్రాన్స్‌ఫార్మరు ఇదేనా, స్తంభం కింద నిలబడి పైకి చూసినవాడు తనవైపెందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది, అబిడ్స్‌లో ఆ రెండు ఆఫీసులు ఎందుకు మానేశాయో తెలిసింది, ఫార్మాట్ కొట్టిన అరగంటా ఇది ఎందుకు బాగుందో కూడా తెలిసింది, కరెంటు పీకి, మూత తీసి, దుమ్ము ఊది, తీరిగ్గా చాయ్ తాగేలోపల పెట్టె చల్లారింది, అంతే, తను చేసిన వైద్యం ఏమీ లేదు, టైపు చేస్తే వేడెక్కదు, ఇంటర్నెట్టు బొమ్మలన్నీ గీయాలంటే దానికి ఒళ్ళు కాలుతుంది, చల్లార్చే చిన్న ఫ్యాను లోపల మోటారు కాలి చచ్చి వారమైంది, తన వేలికి మాత్రం తిరుగుతోంది, మొదటిసారి నియమం తప్పి, మూత తీసే ఉంచి ప్లగ్గు పెట్టాడు, చిన్న ఫ్యాను కదల్లేదు, బొమ్మలా అలా కూర్చుంది, సంచీలో పాత మిషనునుంచి తీసిన ఫ్యాను ఒకటి ఉంది, కరెంటు తీసి దాన్ని బిగించాడు, మళ్ళీ ప్లగ్గు పెట్టాడు, రెక్కలు మాయమైనంత జోరుగా తిరిగింది, గుర్రుమంటాందా పోశవ్వా, అంటాంది సారూ, జోరుగ అంటాంది, తనకి మాత్రం అదే తుమ్మెద, లహరి వచ్చి కూర్చుంది, ఒక పేజీ, రెండో పేజీ, బొమ్మలు, ఫారం, నాలుగూ పదికి ఫారం వెళ్ళిపోయిందని ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తింది, అది వినక్కర్లేదు, కనబడింది.

గోపాలరావు భోజనం చేసి, ఇంట్లో ఒక కునుకు తీసి వచ్చాడు, ఆరో నంబరు చూశాడు, తెర వెలుగుతోంది, ఎలా పట్టావయ్యా ఇంతకీ, అన్నాడు ఎదురుగా నిలబడి, నాలుకమీదికి కథ వచ్చేసింది, అలవాటైన కథ, సార్, పొద్దుగాల స్టేషన్ కాడ బస్సు దిగుతుంటెనే నాకు ఇక్కడి ఫ్యాను ఆగిన సంగతి ఇనొచ్చింది అని మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే నడిచిపోతుంది, కానీ మిఠాయి రంగుదాకా లాక్కెళ్ళే బలం లేదు, నేను పట్టలే సార్, పోశవ్వ పట్టింది, నాకు చెవులు వినొస్తలేవు, రెండేండ్లయింది, అన్నాడు, అలా అనడం అదే మొదలు, రత్నమణితో కూడా అనలేదు, తనతో తను కూడా అనుకోలేదు, గోపాలరావు పోశవ్వవైపు చూశాడు, తనవైపు చూశాడు, వెనక్కి తిరిగి తన బల్ల దగ్గరికి నడుస్తూ, వీపు ఇటుండగానే, ఏదో అన్నాడు, రేపు, అన్నది ఒక్కటే అందింది, రేపటినుంచి రావద్దు, ఇంకేముంటుంది, చెవుల్లేనివాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు, తల దానంతటదే ఊగబోయింది, సంచీకోసం చెయ్యి వెళ్ళింది, మెట్లు దిగి బస్సెక్కడమే, అంతా అయిపోయింది, తల ఊగేలోపల, మెడ ఎంత నొప్పిగా ఉందో తెలిసింది, రెండేళ్ళుగా ఊగి ఊగి, పెదాలు చూసి సగం అందుకుని, మిగతా సగం తనే అల్లి, సరిపోయిందో లేదో ఎదుటి ముఖంలో వెతుక్కుని, నవ్వి, తలూపి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే పని, కంప్యూటర్లు బాగుచేయడం ఆ పనికి మధ్య సందుల్లో చేసింది, సార్, అన్నాడు, గట్టిగా వచ్చింది గొంతు, మిషన్ల ముందున్న జనం కూడా తిరిగారు, సార్, జర ఇటు తిరిగి జెప్పుండ్రి, నాకు అందలే, గోపాలరావు తిరిగాడు, విసుక్కోలేదు, ఆశ్చర్యపోలేదు, అన్నం తిన్నావా అన్నానయ్యా, తినకపోతే ముందు తిను, రేపొచ్చి ఆ మూడో నంబరు మూత కూడా తీసి చూద్దువుగాని, పోశవ్వను పక్కన పెట్టుకో, అన్నాడు, అంతే, మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాడు, తినలే సార్, అన్నాడు రిచర్డ్, కుర్చీలో కూలబడి, చెవిలో తుమ్మెద తిరుగుతూనే ఉంది, తిరగనీ, అతనికి మాత్రం ఒక్కటే తెలుస్తోంది, రెండేళ్ళుగా ఎవరు ఏమన్నా, తనకు అందని సగంలో తను నింపుకున్నవన్నీ తిట్లే.