గోడ అవతలి ఊపిరి

మా ఊళ్లో మాంసం డబ్బాల్లోకెత్తే ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. దాని పొగగొట్టం మాత్రం నది దాటి అర్జెంటీనా గట్టు మీద నిలబడినా కనబడుతుంది. ఆ ఫ్యాక్టరీని ఒక భయం గేమ్‌గా మార్చాలని సుల్మా ఎచెవెర్రి అనుకున్నప్పుడు ఊళ్లో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పలేదు, స్కూల్లో తనతో చదివిన యమందూకి తప్ప.

గేమ్‌లో ఆడేవాళ్ల చేతికి ఒక టార్చిలైటు ఇస్తారు. తుపాకీ ఉండదు, కత్తి ఉండదు. చీకట్లో గది తర్వాత గది తిరుగుతూ, అక్కడ ఏం జరిగిందో తెలుసుకుంటూ పోవాలి. గదులన్నీ సుల్మా గీసింది. తుప్పు పట్టిన కొక్కేల కిర్రుమోత, నీటిబొట్ల చప్పుడు కూడా ఆమే పట్టుకొచ్చింది. కోడ్ అంతా యమందూది. సగం ఆట గడిచాక, మాంసం నిల్వచేసే చలిగదిలోంచి బయటికొచ్చే మృగం కూడా అతనిదే. తోలు ఒలిచిన ఎద్దు తల, మనిషి కాళ్లు. దాని మీద అతను నెలల తరబడి కూర్చున్నాడు.

రాజధాని మొంతెవిదేయోలో గేమ్‌ల ప్రదర్శనకి ఇద్దరూ వెళ్లారు. సుల్మా ఆడేవాళ్ల వెనకాల నిలబడి, తెర వైపు కాకుండా వాళ్ల భుజాల వైపు చూసింది. కొక్కేలున్న హాల్లోకి వెళ్లేసరికి అందరి భుజాలూ చెవుల దాకా లేచేవి. ఎద్దు కనబడగానే దిగిపోయేవి. ఒకడైతే ఫోన్ తీసి దానికి ఫొటో కొట్టుకున్నాడు.

కూతురితో పాటు వచ్చిన ఒఫేలియా అనే నోటరీ కూడా కూర్చుని ఆడింది. యాభై దాటిన మనిషి. ఆట ఆపి హెడ్‌ఫోన్లు తీశాక సుల్మా ఉండబట్టలేక అడిగింది.

"భయమేసిందా, సెన్యోరా?"

"చచ్చేంత భయమేసిందమ్మాయ్. ఆ కొక్కేలు ఊగుతుంటే లేచి పోదామనుకున్నా. తర్వాత మీ ఎద్దు వచ్చింది. హమ్మయ్య అనుకున్నా."

"హమ్మయ్యా?"

"మరి? అక్కడున్నదేమిటో తెలిసిపోయిందిగా. పైగా దానికి మెట్లెక్కడం రాదు. ఆటలో మెట్ల మీద ఆగి, తీరిగ్గా వెళ్లి నీళ్లు తాగొచ్చాను."

తిరుగు బస్సులో యమందూ మాతే ఆకు మీద ఫ్లాస్కులోని వేడినీళ్లు పోసి గిన్నె అందించాడు. సుల్మా అందుకుని, తాగకుండానే చెప్పేసింది.

"ఎద్దుని తీసేయాలిరా."

"మెట్లెక్కడం నేర్పిస్తాలే."

"నేర్పించొద్దు. తీసేద్దాం. అది రాకముందు వరకే మన గేమ్ బాగుంది."

"అంటే నువ్వు చేసింది బాగుంది, నేను చేసింది చెత్త. అంతేగా?"

"నేనలా అనలేదు."

"నీ గదులు నువ్వు తీసెయ్, తల్లీ. అప్పుడు నా ఎద్దుని నేను తీస్తా."

ఊరు చేరేదాకా అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాటి నుంచి పనికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. సుల్మాకి ఏడుపొచ్చింది, కానీ తన మాట తప్పని మాత్రం అనిపించలేదు. ఒంటరిగా కూర్చుని ఫైళ్లు తెరిచింది. కోడ్ ఆమెకి అంతంతమాత్రం. తడుముకుంటూ తడుముకుంటూ ఎద్దు ఒంటిని ఆపేయగలిగింది. సరిపోయిందో లేదో చూద్దామని ఆడింది.

చలిగది తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఏమీ రాలేదు. ఉత్త ఊపిరి వచ్చింది. ఒంటితో పాటు రంకెలు పోయాయి కానీ ఈ చప్పుడు పోలేదన్నమాట. ఇన్నాళ్లూ ఎద్దు రంకెల కింద అది ఎవరికీ సరిగ్గా వినబడలేదు. ఇప్పుడు ఖాళీ గదిలో ఈల వేసినట్టు లోపలికి, బరువుగా బయటికి. అది ఎద్దుది కాదు. ముసలి మగమనిషిది. సుల్మా హెడ్‌ఫోన్లు లాగేసి, వానలోనే యమందూ ఇంటికి నడిచింది.

వాన పడితే మా ఊళ్లో అందరూ చేసుకునే నూనెరొట్టెలు, టోర్తా ఫ్రితాలు, అతను వంటింట్లో వేయిస్తున్నాడు. తలెత్తి చూశాడు, రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆ ఊపిరి ఎవరిదిరా?"

నూనెలో రొట్టె తిప్పాడు. ఇంకోటి వేశాడు.

"నాన్నది."

కిందటి చలికాలం ఊపిరితిత్తులు పాడై ఆయన పోయాడు. అంత్యక్రియలకి సుల్మా కూడా వెళ్లింది.

"ఫోన్లో రికార్డు చేశా. ఎందుకు చేశానో తెలీదు," అన్నాడు యమందూ. "పక్క గదిలో పడుకునేవాణ్ని. ఆ చప్పుడు వినబడుతుంటే నిద్ర పట్టేది కాదు. వినబడకపోతే లేచి పరిగెత్తేవాణ్ని."

"మీ అమ్మకి తెలుసా, గేమ్‌లో పెట్టావని?"

"వినిపించా. 'కాస్త గట్టిగా పెట్టు, మీ నాన్న అంత నీరసంగా ఉండేవాడు కాదు' అంది."

సుల్మాకి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

"మరి ఎద్దెందుకురా?"

"దానికో ఒళ్లుండాలి కదే. ఊపిరిని ఊరికే గాల్లో ఎలా వదిలేయను?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "విను. ఊపిరి ఉంటుంది. మొదటి నుంచీ ఉంటుంది. ఎప్పుడూ గోడ అవతలే. ఏ గదిలోకి వెళ్లినా పక్క గదిలో. ముందు భయపడతారు, తర్వాత అలవాటు పడతారు, తోడున్నట్టు కూడా అనిపిస్తుంది. చలిగది దగ్గరికొచ్చాక ఆగిపోతుంది."

యమందూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రొట్టె మాడింది.

"ఆగిపోతే?"

"ఆడేవాళ్లే వెళ్లి చూడాలి. నువ్వు వెళ్లినట్టు."

మాడిన రొట్టె తీసి పక్కన పడేసి, పొయ్యి ఆపాడు.

"నన్నడక్కుండా నా ఎద్దు నోరు నొక్కేశావు కదూ?"

"నొక్కేశా."

"దొంగమొహమా," అని బాగున్న రొట్టె ఒకటి ఆమె పళ్లెంలో పడేశాడు.

ఆ చలికాలమంతా పనిచేశారు. ఊపిరి ఆగాక తలుపవతల ఏం కనబడాలన్న దాని మీద పోట్లాడుకున్నారు. శవం వద్దన్నాడతను. రక్తం వద్దంది ఆమె. చివరికి ఒక కుర్చీ, దాని వీపుకి తగిలించిన కోటు, అంతే ఉంచారు. ఆ గది పూర్తి చేసిన రోజు యమందూ బయటికెళ్లి నది ఒడ్డున కూర్చున్నాడు. సుల్మా వెంట వెళ్లలేదు. అతనే తిరిగొచ్చి, "కోటు రంగు మార్చాలి. గోధుమరంగు," అన్నాడు.

గేమ్ విడుదలైంది. బొగోటా నుంచి ఒక విమర్శకురాలు దాని గురించి పెద్ద వ్యాసం రాసింది. యమందూ పైకి చదివాడు. ఊపిరి ఆగిన చోట తాను తలుపు ముందు నిలబడిపోయాననీ, అక్కడ ఏ మృగమూ లేకపోవడమే ఈ గేమ్ బలమనీ ఆమె రాసింది. చప్పుళ్లని మెచ్చుకుంది. తర్వాత ఉతికి ఆరేసింది. నడక నత్తనడకట. గదులు సగం ఒక్కలాగే ఉన్నాయట. తిరిగి తిరిగి బాయిలర్ గదికే వస్తుంటే భయం పోయి ఆవులింత వచ్చిందట. ముగింపు ఎవరో తరుముతుంటే రాసినట్టుందట.

"దారి తప్పాలనేగా అలా కట్టింది! ఈవిడకేం తెలుసు?" యమందూ ఎగిరాడు.

"దారి తప్పితే గుండె దడదడలాడాలిరా. ఆవిడకి ఆవులింత వచ్చింది."

"మరి ముగింపు?"

"అదీ నిజమే. కుర్చీ గది తర్వాత మనకి ఓపిక అయిపోయి చుట్టేశాం."

"అయితే ఇప్పుడేం చేద్దామంటావు? అమ్మేసిన గేమ్ అది."

"అమ్మేస్తే? బాగుచేసి, కొన్నవాళ్లందరికీ మళ్లీ పంపుదాం."

మర్నాడు పొద్దున్నే సుల్మా ఫ్యాక్టరీకి వెళ్లింది. లోపల గోడల్ని ఇన్నాళ్లూ తుప్పు కోసం, బూజు కోసం చూసింది. ఈసారి దారి కోసం చూసింది. నడవాల్లో భుజమెత్తున గోడల మీద పెచ్చులూడిన రంగుపట్టీలున్నాయి. ఒక చోట పచ్చ, ఇంకో చోట నీలం. ఎందుకు వేశారో ఆమెకి తెలియదు. పనికొస్తాయని మాత్రం తెలిసింది. ఇంటికొచ్చి ఒక్కో నడవాకీ పట్టీ వేయడం మొదలుపెట్టింది. టార్చి పడితేనే కనబడేంత మసగ్గా.

అవతలి బల్ల దగ్గర యమందూ సణుగుతూనే నడక వేగం సరిచేస్తున్నాడు. కాసేపటికి కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"ఊఁ, ఇప్పుడు నడిచి చూడు."

సుల్మా పచ్చపట్టీ వెంట బాయిలర్ గది దాటి, మెట్లదాకా నడిచింది. గోడ అవతల ఊపిరి ఆమెతో పాటే వచ్చింది.

"ఇంకా నెమ్మదే. మళ్లీ చెయ్," అంది.