కొండప్ప కంప్యూటర్ బేరం

తిలక్ మాస్టారి ఇంట్లో కంప్యూటర్ ముసలిదైపోయిందన్న సంగతి హోసూరు దాటి బాగలూరు దాకా పాకింది. పాకడానికి కారణం హెడ్మాస్టరు ఆదిశేషయ్య. ఆ చుట్టుపక్కల తెలుగు మీడియం బళ్ళకు పరీక్ష పేపర్లు తెలుగులో టైపు చేసే యంత్రం ఆ ఒక్క ఇంట్లోనే ఉంది. క్వార్టర్లీ పరీక్షలు ముంచుకొస్తున్నాయి. తొమ్మిదో తరగతి లెక్కల పేపరు సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. ఆదిశేషయ్య రోజూ స్టాఫ్ రూములోకి తొంగిచూసి, పేషెంటు ఎలా ఉందని అడిగి పోయేవాడు.

అది విడి భాగాలు తెచ్చి ఒక డబ్బాలో బిగించిన చవక కంప్యూటర్. తిలక్ భార్య పవిత్ర పట్టుబట్టి కొనిపించింది. పేపర్లు ఆమె టైపు చేసేది, తిలక్ తప్పులు దిద్దేవాడు. పోయిన ఏడాది ఆమె చనిపోయింది. అప్పటి నుంచి రెండు పనులూ అతనే చేస్తున్నాడు.

మెమరీ పెంచితే సరిపోతుందని సైన్సు మాస్టారు అన్నాడు. కొత్తది కొనడమే నయమని డ్రిల్లు మాస్టారు అన్నాడు. తిలక్ ఇద్దరి మాటా నిజమేనన్నాడు, ఏ పనీ చేయలేదు. దానికి కారణం ఉంది గాని, అది స్టాఫ్ రూములో చెప్పుకునేది కాదు.

కంప్యూటర్ కొన్న కొత్తలో తిలక్ ఏ మీట నొక్కినా అది తప్పయ్యేది. తప్పైనప్పుడల్లా డబ్బా టింగుమనేది. ఆ చప్పుడుకు పవిత్ర వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ రావాల్సి వచ్చేది. విసుగెత్తి ఒకరోజు ఆమె చిన్న మైకు కొనుక్కొచ్చి, ఆ టింగు తీసేసి తన గొంతు పెట్టింది. అప్పటి నుంచి తప్పు జరిగితే చాలు, యంత్రమే అరిచేది. "ఏమి సారూ, మళ్ళా తప్పేనా? ఏమీ నొక్కొద్దు. ఆడే ఉండు, వస్తా ఉండాను." ఒకసారి పేపరు కోసం వచ్చిన ఆదిశేషయ్య తెలియక ఏదో మీట తాకి, ఆ గొంతు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆమె పోయిన కొత్తలో యంత్రం బాగానే ఉండేది. తిలక్‌కు పని వచ్చేసింది, తప్పులు తగ్గాయి. వారాల తరబడి ఆ గొంతు వినిపించేది కాదు. ఒకరోజు లోపల ఫ్లాపీ లేకుండానే ఫ్లాపీ తెరవమని కావాలనే అడిగాడు. ఆమె పలికింది. కానీ నిద్రపోతున్న మనిషిని ఊరికే లేపినట్టనిపించి, మళ్ళీ ఆ పని చేయలేదు. తర్వాత యంత్రానికి వయసు మీద పడింది. దాని తప్పులు అదే చేయడం మొదలుపెట్టింది. అది పాడయ్యేకొద్దీ పవిత్ర ఎక్కువగా మాట్లాడసాగింది. పాఠాల మధ్య, పేపర్ల మధ్య, కాఫీ తాగుతుండగా పలికేది. అలాంటి జబ్బుకు మందు వేయించడానికి తిలక్‌కు చేయి ఎలా వస్తుంది?

సరిగ్గా అప్పుడు బాగలూరు నుంచి మామ కొండప్ప దిగాడు.

కొండప్ప ఇప్పుడు పూలతోట చూసుకుంటున్నాడు గాని, ఒకప్పుడు పశువుల సంతల్లో పేరున్న దళారి. కూతురు పోయాక ఆమె మాట ఎత్తడం మానేసి, అల్లుడి ఇంట్లో కారే కొళాయిలూ ఊడిన గొళ్ళేలూ పట్టించుకోవడం మొదలుపెట్టాడు. ఆయన వస్తున్నాడంటే తిలక్ ముందుగానే స్పీకరు ఆపేసేవాడు. ఆ గొంతు ముసలాయన తట్టుకోలేడని అతని భయం.

కొండప్ప కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. డబ్బా వీపు నిమిరాడు. ఫ్లాపీ పెట్టే సందులోకి వంగి చూశాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఒళ్ళు కాలతా ఉంది తిలకప్పా. రొప్పతా కూడా ఉంది."

"అది ఫ్యాను మామా. దుమ్ము పట్టింది."

కొత్త మెమరీ వేస్తే కొన్నాళ్ళు నడుస్తుందని తిలక్ నసిగాడు. ముసలెద్దు పక్కన కోడెను కాడికి కడతారా ఎవరైనా అని కొండప్ప కొట్టిపారేశాడు. దీన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాల్సిందే, బేరం తాను చేస్తానన్నాడు. వద్దనాలంటే తిలక్ కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ గొంతు వినిపించాలి. అతను నోరు మూసుకుని డబ్బాను దుప్పట్లో చుట్టాడు.

ఆటోలో కొండప్ప సంత నియమాలు చెప్పాడు. అంగట్లో నోరు తెరవకూడదు. అమ్మే సొమ్ము మీద మనసున్నట్టు కనపడకూడదు. చెబుతూ చెబుతూ అల్లుడి వైపు చూశాడు.

"ముఖం అట్ల పెట్టుకోవద్దప్పా. బేరం పడిపోతాది."

బస్టాండు దగ్గరి కంప్యూటర్ అంగడి సురేష్‌ది. బెంగళూరులో చదివి వచ్చినవాడు, మర్యాదస్తుడు. కొండప్ప కొత్త కంప్యూటర్ల వరుసను ఒకసారి చూసి, సురేష్ కుడిచేయి పట్టుకుని దాని మీద తన తువ్వాలు కప్పాడు. సంతలో బేరం అలాగే జరుగుతుంది. ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి చెబుతారు. నచ్చకపోతే చేయి లాక్కోవాలి. లాక్కోకపోతే ఒప్పుకున్నట్టే. సురేష్‌కు ఇదేమీ తెలియదు. పెద్దాయన ఆప్యాయంగా చేయి పట్టుకున్నాడు, లాక్కుంటే బాగుండదని అలాగే ఉంచాడు. కొండప్ప ఒక వేలు నొక్కాడు. సురేష్ నవ్వాడు. కొండప్ప ఇంకొంచెం ఆశపడి వేరే వేళ్ళు నొక్కాడు. సురేష్ మరింత మర్యాదగా నవ్వాడు. ఇంత మెత్తటి వ్యాపారిని కొండప్ప ఏ సంతలోనూ చూడలేదు.

"ముగిసింది," అన్నాడు అల్లుడి చెవిలో. "పాతది వాళ్ళది. ఆ నల్లది మనది."

వాళ్ళు రిపేరుకు వచ్చారనుకుంటున్న సురేష్ మాత్రం, రోగమేమిటో చూద్దామని డబ్బాకు వైర్లు తగిలించాడు. అంగట్లోని పెద్ద స్పీకర్లు కూడా తగిలించాడు. తెర వెలిగింది. కొంచెంసేపు గురగురమని ఆగిపోయింది.

"ఏమి సారూ, మళ్ళా తప్పేనా? ఏమీ నొక్కొద్దు. ఆడే ఉండు, వస్తా ఉండాను."

అంగడంతా నిండిపోయింది ఆ గొంతు. సురేష్ మౌసు మీది నుంచి చేయి తీసేశాడు. ఇదేదో వైరస్‌లా ఉంది, తుడిచేస్తానన్నాడు.

"తుడవొద్దు," అన్నాడు తిలక్. ఆ రోజు అంగట్లో అతను అన్న మొదటి మాట అది.

తువ్వాలు చేతిలోంచి జారింది కూడా కొండప్పకు తెలియలేదు. తిలక్ తల వంచుకుని అంతా చెప్పాడు, మైకు సంగతీ, తప్పుల సంగతీ, మామ వచ్చినప్పుడు స్పీకరు ఆపే సంగతీ. కొండప్ప డబ్బా వీపు మీద చేయి వేశాడు.

"ఇన్నాళ్ళూ నువ్వొకడివే తిట్టించుకుంటివా, అల్లుడా?"



కొండప్ప వంగి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. చేయి కలిపాక బేరం తప్పడమంటే సంతలో మళ్ళీ తలెత్తుకోలేని పని. ఆయన ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు రెండు చేతులూ జోడించి, అంగట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు.

"నేను బేరం తప్పతా ఉండానప్పా. మాట పోయేది నాదే. మా సొత్తు మాకు ఇచ్చేయి."

"ఏ బేరం పెద్దాయనా?" అన్నాడు సురేష్. "మనం ఏమీ మాట్లాడలేదు కదా."

కొండప్పకు కళ్ళు తడిశాయి. పదిమందిలో తన పరువు కాపాడడానికి, అసలు బేరమే జరగలేదంటున్నాడు ఈ పిల్లవాడు. ఇంత పెద్దమనసున్న వాడిని కన్నవాళ్ళు చల్లగా ఉండాలన్నాడు. సురేష్‌కు ఏమీ అర్థం కాలేదు, మర్యాదగా నవ్వాడు.

చివరికి తిలకే తేల్చాడు. దుమ్ము దులిపి, ఫ్యాను మార్చి, మెమరీ పెంచమన్నాడు. ఆ గొంతు మాత్రం ముట్టొద్దన్నాడు. ఇక ఇది అంత తొందరగా తప్పులు చేయదు సార్ అని సురేష్ ముందే చెప్పాడు. తెలుసన్నాడు తిలక్. పిల్లల పరీక్షలు ఆగవు కదా.

పేపర్లు సకాలంలో పోయాయి. ఆదిశేషయ్య పేషెంటు గురించి అడగడం మానేశాడు. ఆ వారమంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

ఆదివారం కొండప్ప వచ్చాడు. చెప్పులు విడిచి తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చుని, తప్పు ఎట్ల చెయ్యాలో చూపించమన్నాడు. తిలక్ కాసేపు తటపటాయించి, లోపల ఫ్లాపీ లేకుండా ఫ్లాపీ తెరవమనే ఉపాయం నేర్పి, స్పీకరు పెట్టి, వంటింట్లోకి వెళ్ళాడు.

పవిత్ర గొంతు వినిపించింది. ఆ వెంటనే కొండప్ప గొంతు.

"లేదమ్మా. ఇంక ముట్టుకోను."

మీట టక్కుమంది. తర్వాత ఆమె మళ్ళీ కోప్పడింది. ఆయన మళ్ళీ ఒట్టు పెట్టుకున్నాడు.

ఇది ఇప్పట్లో తేలేది కాదనిపించి, తిలక్ మామకు కూడా కలిపి రాగిసంగటి ఎసట్లో ఇంకో చెంబు నీళ్ళు పోశాడు.