తొమ్మిదీ నలభైకి పెట్టిన చీటీ

ఆ బళ్ళో పేర్లు పిలిచి హాజరు వేయడం మానేసి రెండేళ్ళయింది. నలభై ఇద్దరి పేర్లు పిలిచి, నలభై ఇద్దరి చేత పలికించేసరికి ఆరు నిమిషాలు పోతున్నాయని, ఏడాది మొత్తం మీద అవి ఇన్నిన్ని పాఠాలను మింగేస్తున్నాయని ప్రిన్సిపాల్ ఒక మీటింగులో లెక్క కట్టి చూపించాడు. ఆయనకు లెక్కలంటే మహా ఇష్టం. మనుషులంటే అంత కాదు.

పేర్ల బదులు గోడ వచ్చింది. గోడంటే ఇటుకల గోడ కాదు, బళ్ళోనే ఉండే పిల్లల ట్యాబులన్నిటిలోనూ ఒకేసారి కనిపించే తెల్లటి పలక. టీచర్ దాని మీద ఒక ప్రశ్న పెడుతుంది. పిల్లలు ఎవరి ట్యాబులో వాళ్ళు జవాబు రాసి రంగు చీటీలా దాని మీద అంటిస్తారు. చీటీ కింద పేరూ టైమూ వాటంతటవే పడతాయి. మొదటి పీరియడులో చీటీ అంటించినవాళ్ళు బడికి వచ్చినట్టు, అంటించనివాళ్ళు రానట్టు. రానివాళ్ళ ఇళ్ళకు సరిగ్గా పదింటికి మెసేజ్ వెళ్ళిపోతుంది, ఎవరూ వేలు కూడా కదపనక్కర్లేదు.

మంచి ఏర్పాటే. ఎనిమిదో తరగతికి మొదటి పీరియడు చెప్పే సైన్స్ టీచర్ అయితే మొదటి నెలంతా మురిసిపోయింది కూడా. అంతకుముందు ఏ ప్రశ్న వేసినా ముందు బెంచీలోని ముగ్గురే చేతులెత్తేవాళ్ళు, మిగతావాళ్ళు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేవాళ్ళు. గోడ వచ్చాక నోరు విప్పని పిల్లలు కూడా టకటకా రాసేశారు. పదిహేనేళ్ళ నుంచి పాఠం చెబుతున్నా ఇన్ని బుర్రలు ఒకేసారి పనిచేయడం ఆమె ఎన్నడూ చూడలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూము తలుపు మీద ఒక చార్టు అంటించాడు. ఏ క్లాసులో నూటికి ఎంతమంది గోడ మీద రాస్తున్నారో రోజూ సాయంత్రం అందులో పడుతుంది. తొంభై ఐదు దాటితే పచ్చ, దాటకపోతే ఎరుపు. సైన్స్ టీచర్‌ది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా వేసవిలో మళ్ళీ సంతకం పడాలి. ఈసారి సంతకాలు చార్టు చూసే పడతాయని ఆయన అందరి ముందూ నవ్వుతూనే చెప్పాడు. ఆమె క్లాసు తొంభై దగ్గర మొరాయించింది. ఎంత బతిమాలినా రాయని పిల్లలు నలుగురున్నారు, ఇళ్ళకు మెసేజ్ పోకుండా వాళ్ళ హాజరు రోజూ ఆమే చేత్తో వేసేది.

ఆ నలుగురిలో ఒకతె చీమ. ఆ పేరు క్లాసు పెట్టింది కాదు, తల్లే పెట్టింది. పసితనంలో ఇంట్లో ఏది దొరికితే అది ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి మంచం కింద దాచేదట. బక్కపల్చటి పిల్ల, చలి పెరిగితే ఛాతీలో పిల్లికూతలు. బ్యాగు పక్క జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉండేది. తండ్రి లేడు. తల్లి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికే పనిలో ఉండాలి కాబట్టి చీమ తనంతట తానే తయారై, తలుపు తాళం వేసుకుని బడికొచ్చేది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే ఫోను, అది తల్లి దగ్గర ఉండేది.

చీమ కూడా మొదట్లో రాసింది. రాత్రిపూట ఆకులు ఏం చేస్తాయని టీచర్ అడిగితే "నిద్రపోతాయి" అని అంటించింది. అర నిమిషంలో ఆ చీటీ కింద ముప్ఫై ఒక్క నవ్వు మొహాలు పడ్డాయి. నోటితో చెప్పిన తప్పు అప్పటికప్పుడే గాల్లో కలిసిపోతుంది. గోడ మీది తప్పు గంట కొట్టేదాకా అందరి కళ్ళ ముందూ ఉంటుంది. టీచర్ క్లాసును దులిపేసింది, నవ్వు మొహాలు పెట్టే వీల్లేకుండా చేసింది. ఏం లాభం, చీమ మళ్ళీ రాయలేదు. పేరు పక్కన మూడు చుక్కలు కాసేపు కదిలేవి, ఏదో రాస్తున్నట్టు. తర్వాత ఆగిపోయేవి.

ఒకరోజు గంట కొట్టడానికి రెండు నిమిషాలుండగా ఆ చుక్కలు అలా కదిలి ఆగిపోవడం చూసి టీచర్ ప్రాణం ఉసూరుమంది. పిల్లలు మరిచిపోతుంటారని అందరి పాస్‌వర్డులూ ఆమె దగ్గరే ఉండేవి. చీమ పేరుతో లోపలికెళ్ళి ఒక వాక్యం రాసి అంటించేసింది. వెనక బెంచీలో చీమ ఉలిక్కిపడి, గోడ మీద తన పేరు కింద ఉన్న మంచి జవాబును చూసుకుని, టీచర్ వైపు తిరిగి మొహం నిండా నవ్వింది. ఆ నవ్వే టీచర్ కొంప ముంచింది. పిల్లకు పుణ్యం చేశాననుకుంది పాపం.

ఆ తర్వాత నలుగురివీ రాసింది. మొదట్లో పక్కన నిలబడి, ఏం రాయమంటావే అని అడిగి రాసేది. కొన్నాళ్ళకు దూరం నుంచి ఒక చూపు చూసి రాసేది. చివరికి చూడకుండానే రాయడం వచ్చేసింది. చార్టులో ఆమె గడి పచ్చబడింది. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూముకు వచ్చి మరీ చేయి కలిపి వెళ్ళాడు.

ఆ రోజు మట్టి పాఠం. తెర బాగా కనపడాలని కిటికీ పరదాలు దించేశారు. పిల్లలంతా ట్యాబుల్లోకి తలలు దూర్చేశారు. వెనక బెంచీ టీచర్ కుర్చీలోంచి కనిపించదు, లేచి నాలుగడుగులు వేస్తే కనిపిస్తుంది. ఆమె లేవలేదు. కూర్చున్నచోటనే నలుగురి చీటీలూ అంటించేసింది. చీమ చీటీలో ఇలా రాసింది: "మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది. కొట్టుకుపోవడానికి ఒక్క వాన చాలు." కింద టైము తొమ్మిదీ నలభై అని పడింది.

సాయంత్రం ఐదున్నరకు తల్లి ఇంటికెళ్ళేసరికి చీమ యూనిఫాంలోనే ఉంది, బ్యాగు భుజానే ఉంది. ప్రాణం లేదు. ఊపిరాడక మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో పోయి ఉంటుందని, ఇన్‌హేలర్ ఒక్కటే సరిపోలేదని, ఒక గంట ముందు తెచ్చినా దక్కేదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ మాట విన్నప్పుడు, నిన్న పొద్దున క్లాసులో బాగానే ఉంది కదా, అని టీచర్ పైకే అనేసింది. నిజంగానే అలా అనుకుంది. అందరిలాగే ఆమె కూడా గోడనే నమ్మింది. రెండు క్షణాల తర్వాత ఆ చీటీ ఎవరు రాశారో గుర్తొచ్చింది.

పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి గోడను కాగితాల మీద అచ్చు తీసుకున్నారు. తొమ్మిదీ నలభైకి పిల్ల చీటీ ఉంది. రెండో పీరియడు నుంచి లేదు. కాబట్టి ఒంట్లో బాగోక మధ్యలో లేచి ఇంటికెళ్ళిపోయింది. వెళ్ళాలంటే గేటు దాటాలి, గేటు దగ్గర కాపలా ఉన్నది తాత. బళ్ళో అందరికీ ఆయన గేటు తాతే. ఏ పిల్లా బయటికి పోలేదని ఆయన ఒట్టేసి చెప్పాడు. గేటు మీది కెమెరా ఎప్పుడో పాడైంది. పిల్లల్ని అడిగితే, వచ్చినట్టే ఉంది, గోడ మీద ఉంది కదా, అన్నారు. చివరగా సైన్స్ టీచర్‌ని పిలిచి, మొదటి పీరియడులో పిల్ల ఎలా ఉందని అడిగారు. ఆమె నీళ్ళు నమిలి, మామూలుగానే ఉందని చెప్పింది. అంతవరకూ ఆమె చేసింది తప్పు. అది మాత్రం అబద్ధం.

తాతను పనిలోకి రావద్దన్నారు. ఐదోరోజు సాయంత్రం బస్సు ఆగేచోట టీచర్‌కి ఆయన ఎదురయ్యాడు. గడ్డం మాసిపోయి, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. తిడతాడేమో, అడుగుతాడేమో అనుకుంది. ఆయన అందుకు రాలేదు.

"వెళ్ళే ఉంటుందమ్మా," అన్నాడు. "మిషను అబద్ధం చెప్పదు కదా. నేనే చూసుకోలేదు. ఒక్క క్షణం కన్ను మూతపడి ఉంటుంది. ఆ పిల్లని నేనే చేతులారా పంపించేశాను."

ఆ పూట టీచర్ బస్సెక్కలేదు. వెనక్కి బడికెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన లేచి తలుపు మూశాడు. తాత ఎలాగూ ముసలాడయ్యాడని, రెండేళ్ళు ముందో వెనకో ఇంట్లో కూర్చోవలసినవాడేనని అన్నాడు. నలభై క్లాసులు ఆ గోడ మీద నడుస్తున్నాయని, ఇది బయటపడితే ఏ తల్లీ పిల్లల్ని ఇక్కడికి పంపదని అన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు మెత్తబరిచాడు.

"మొన్న ఆ తల్లి వచ్చి కూతురు రాసిన చివరి చీటీ కావాలంటే అచ్చు తీసి ఇచ్చాను. కళ్ళకద్దుకుని తీసుకెళ్ళింది. ఇప్పుడు మీరెళ్ళి అదీ లాగేసుకుంటారా?"

రాత్రంతా టీచర్‌కి ఆ ప్రశ్నే తిరిగింది. ప్రిన్సిపాల్ పచ్చి స్వార్థపరుడే కానీ, అడిగినదాంట్లో నిజం లేకపోలేదు. నోరు మూసుకుంటే ఆ తల్లికి ఒక కాగితం ముక్క మిగులుతుంది. తెరిస్తే తాతకు తన కళ్ళు తనకు తిరిగొస్తాయి. రెండూ దక్కే దారి ఆమెకు కనిపించలేదు. తెల్లవారాక పై ఆఫీసుకు వెళ్ళి, రోజుల వారీగా ఎవరి చీటీలు తను రాసిందో కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చింది. ఇక వేసవిలో పడే సంతకం సంగతి మరిచిపోవచ్చు. అక్కడి నుంచి తిన్నగా లాండ్రీకి నడిచింది. ఆ సంగతి ఆఫీసు కాగితంలో చదివి తెలుసుకునే గతి ఆ తల్లికి పట్టకూడదనుకుంది.

లాండ్రీలో ఆవిరి మొహానికి కొడుతోంది. చక్రాల బళ్ళలో తడి దుప్పట్లు కుప్పలుగా ఉన్నాయి. చీమ తల్లి మరొకామెతో దుప్పటి చెరో అంచు పట్టుకుని, దగ్గరికొచ్చి దూరం జరుగుతూ మడత పెడుతోంది. టీచర్‌ని చూడగానే పని వదిలి వచ్చి, గోడవార బెంచీ మీద కూర్చోబెట్టింది. అడగకముందే జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసింది. తనకు చదవడం అంతంతమాత్రమేనని, తోటి పనివాళ్ళ చేత నాలుగైదుసార్లు చదివించుకున్నానని చెప్పింది. రెండు ముక్కలు కుదురుగా రాయదని పిల్లను రోజూ సతాయించేదాన్నని, ఇంత బాగా రాస్తుందని తెలియదని అంది.

టీచర్ చెప్పింది. ముందూ వెనకా ఏమీ పేర్చకుండా చెప్పింది. అది చీమ రాసింది కాదని, తాను రాసిందని. ఆ రోజు చీమ బడికి రానే లేదని. వచ్చిందో లేదో తాను తల ఎత్తి చూడలేదని.

తల్లి కాగితం ఉన్న కవరును బెంచీ మీద పెట్టింది. లోపల యంత్రం ఒకటి ఆగి మరొకటి మొదలైంది. తిడుతుందని, మీద పడి కొడుతుందని టీచర్ ఎదురుచూసింది, కొడితే బాగుండుననుకుంది.

"అయితే పదింటికి నాకు మెసేజ్ రావాల్సింది," అంది తల్లి.

"రావాల్సింది."

"ఆ రోజు తెల్లారే దానికి కాస్త ఆయాసంగా ఉంది టీచర్. పని మానేస్తానంటే వద్దంది. సరేనని, తయారై కాసేపు కూచుని చూడు, తగ్గితే బడికెళ్ళు, తగ్గకపోతే ఇంట్లోంచి కదలకు అన్నాను. నువ్వు బడికి వెళ్ళకపోతే పదింటికల్లా నాకు తెలిసిపోతుంది, పరుగెత్తుకుంటూ వచ్చేస్తానని చెప్పాను." ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళు నీళ్ళల్లో నాని తెల్లగా ఉన్నాయి. "పదిన్నరదాకా ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఏమీ రాలేదు. హమ్మయ్య, వెళ్ళిందని లోపల పెట్టేశాను."

తల్లి ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నేల వైపు చూస్తోంది.

"సాయంత్రం నా దగ్గరున్న తాళంచెవితో తీసి తోస్తే తలుపు కదల్లేదు. లోపల తలుపుకే ఆనుకుని కూచుంది. బడి నుంచి ఆయాసపడుతూ వచ్చి, తలుపేసుకుని అక్కడే కూలబడిపోయిందని అనుకున్నాను ఇన్నాళ్ళూ." ఆమె తలెత్తి టీచర్ మొహంలోకి సూటిగా చూసింది. "అది నా కోసం చూస్తూ కూచుందా టీచర్?"

"అవునమ్మా," అంది టీచర్.